శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున డాలర్లలో మూడు లావాదేవీలు: మామగారి కార్డు సొమ్ము తిరిగి వస్తుందా?

కృష్ణలంక కోడలు | 11 ఆగస్టు 2025, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మా మామగారికి 71 ఏళ్లు. వరలక్ష్మీ వ్రతానికి చీరలు తీసుకుందామని ఈ నెల 3వ తేదీ ఆదివారం ఇంటిల్లిపాదీ విజయవాడలోని ఒక పెద్ద బట్టల దుకాణానికి వెళ్లాము. బిల్లు 11,240 రూపాయలు కాగా మామగారు తన క్రెడిట్ కార్డుతో చెల్లించారు. వ్రతం నాడు, అంటే 8వ తేదీ శుక్రవారం తెల్లవారుజామున 2:10కీ 2:14కీ మధ్య, అదే కార్డు మీద ఒక విదేశీ వెబ్‌సైటులో మూడు లావాదేవీలు జరిగాయి. మొదటి రెండూ 17,412 రూపాయల చొప్పున, మూడవది 13,037. మొత్తం 47,861 రూపాయలు. ఓటీపీ ఏదీ రాలేదు. డబ్బు ఖర్చయినట్లు తెలిపే సందేశాలు వచ్చాయి గాని, పూజ హడావుడిలో ఆయన వాటిని చూడలేదు. ఆదివారం సాయంత్రం మా అబ్బాయి ఆటల కోసం తాతయ్య ఫోను అడిగి తీసుకున్నప్పుడు విషయం బయటపడింది.

వెంటనే యాప్‌లో కార్డును బ్లాక్ చేశాను. ఈ రోజు ఉదయం కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే, శుక్రవారం జరిగిన దానిని సోమవారం చెబుతున్నారు కాబట్టి మూడు రోజుల గడువు దాటిపోయిందని, ఇక చేయగలిగింది పెద్దగా ఉండదని చెప్పారు. మామగారు అన్నం సరిగా తినడం లేదు. ఇంకొక సంగతి: బట్టల దుకాణంలో కౌంటరు దగ్గరి అమ్మాయి కార్డును మిషన్‌లో పెట్టిన తరువాత, కీబోర్డు అంచున ఉన్న గాడిలో మరోసారి గీకడం నేను స్వయంగా చూశాను. అనుమానం అక్కడే ఉంది. దయచేసి ఏం చేయాలో చెప్పండి.

ధర్మాగ్రహం | 11 ఆగస్టు 2025, రాత్రి 10:05

ఇందులో అనుమానానికి తావే లేదు. రెండోసారి గీకినది మీ కార్డు వివరాలను దొంగిలించడానికే. రేపు ఉదయమే వెళ్లి ఆ దుకాణం యజమానిని నిలదీయండి, పోలీసు కేసు పెట్టండి, దుకాణం పేరు ఇక్కడ రాయండి. నలుగురికీ తెలిస్తేనే ఇటువంటి వారికి బుద్ధి వస్తుంది.

పాత లెడ్జరు | 11 ఆగస్టు 2025, రాత్రి 10:50

అమ్మా, దుకాణం సంగతి తరువాత చూద్దాం. ముందు గడువు లెక్క చూడండి, ఎందుకంటే మీకు చెప్పిన లెక్క తప్పు. 34 ఏళ్లు బ్యాంకు కౌంటరు లోపలి వైపున కూర్చున్నవాడిని కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ఖాతాదారు అనుమతి లేకుండా జరిగే ఎలక్ట్రానిక్ లావాదేవీలలో నష్టం ఎవరు భరించాలన్నది రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. తప్పు బ్యాంకుదీ కాక, ఖాతాదారుదీ కాక, మధ్యలో మరెక్కడో జరిగినప్పుడు, బ్యాంకు సందేశం అందిన తరువాత మూడు పనిదినాల లోపల తెలియజేస్తే ఖాతాదారు ఒక్క రూపాయి కూడా భరించనక్కర లేదు. ఆ పనిదినాలను మీ శాఖ పనిచేసే రోజుల ప్రకారం లెక్కించాలి. సందేశం అందిన రోజును లెక్కలోకి తీసుకోకూడదు. ఇప్పుడు మీరే వేళ్ల మీద లెక్కపెట్టి చూడండి. శుక్రవారం సందేశం వచ్చిన రోజు, కనుక పోయింది. 9వ తేదీ రెండో శనివారం, బ్యాంకులకు సెలవు. 10వ తేదీ ఆదివారం. మొదటి పనిదినం ఈ రోజు, సోమవారం. బుధవారం సాయంత్రం వరకు మీరు గడువులోనే ఉన్నారు.

అయితే బుధవారం దాకా ఆగవద్దు. కార్డును బ్లాక్ చేయడం ఒక పని, ఫలానా లావాదేవీలు నావి కావని రాతపూర్వకంగా చెప్పడం వేరొక పని. ఈ రాత్రే బ్యాంకు ఫిర్యాదుల ఈమెయిలుకు మామగారి పేరు మీద, ఆయన నమోదు చేసుకున్న ఈమెయిలు నుంచే రాయండి. మూడు లావాదేవీల తేదీ, సమయం, మొత్తం, సందేశంలో కనిపించిన వ్యాపారి పేరు రాయండి. ఓటీపీ రాలేదని, కార్డు తన చేతిలోనే ఉందని, ఎవరికీ ఏ వివరమూ చెప్పలేదని రాయండి. ఉదయం చేసిన ఫోన్‌కాల్ సమయాన్ని కూడా పేర్కొనండి. ఫిర్యాదు సంఖ్య ఇవ్వమని అడగండి, అది ఇవ్వడం వారి విధి. 1930కి ఫోన్ చేసి జాతీయ సైబర్ నేరాల విభాగంలోనూ నమోదు చేయించి, ఆ రసీదు సంఖ్యను ఈమెయిలుకు జతచేయండి. రేపు ఉదయం శాఖకు వెళ్లి ఒక కాగితం ప్రతి ఇచ్చి, రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ఈ రోజుల్లో ఆ ముద్ర ఎందుకని కొందరు నవ్వుతారు, నవ్వనివ్వండి.

గడువు నిజంగానే దాటి నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య తెలియజేసినా మొత్తం పోదు. 5 లక్షల లోపు పరిమితి ఉన్న క్రెడిట్ కార్డుకు, మామూలు పొదుపు ఖాతాకు ఖాతాదారు భరించవలసినది లావాదేవీ విలువ లేదా 10,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు విధానాన్ని బట్టి ఉంటుంది.

బిల్లు కౌంటరు | 12 ఆగస్టు 2025, ఉదయం 7:15

నేను హనుమకొండలో ఒక బట్టల దుకాణంలో పదకొండేళ్లుగా క్యాష్ కౌంటరులో పనిచేస్తున్నాను కాబట్టి ధర్మాగ్రహం గారికి ఒక మాట చెప్పవలసి వస్తోంది. కీబోర్డు గాడిలో గీకడం తప్పే. అలా రెండోసారి గీకకుండా చూడాలని రిజర్వు బ్యాంకు 2017లోనే బ్యాంకులకు చెప్పింది. కానీ చాలాచోట్ల అది దొంగతనం కోసం మొదలైనది కాదు. సాయంత్రం లెక్కలు సరిచూసేటప్పుడు ఏ బిల్లు ఏ కార్డుతో కట్టారో కంప్యూటరులో సులభంగా తేలడానికి పెట్టుకున్న పాత అలవాటు అది. అలా గీకితే కార్డు సంఖ్య దుకాణం కంప్యూటరులో మిగిలిపోతుంది, ఆ కంప్యూటరులో వైరస్ ఉంటే పరుల చేతికి పోతుంది. ప్రమాదం అక్కడ ఉంది. ఎవరైనా అలా చేయబోతే "అమ్మాయ్, మిషన్‌లో ఒక్కసారి చాలు" అని మర్యాదగా చెప్పండి. ఎవరూ వాదించరు.

అసలు ప్రమాదం కౌంటరుకు ఇవతలి వైపున కూడా ఉంటుంది. శ్రావణమాసంలో మా దగ్గర వరుస గుమ్మం దాకా ఉంటుంది. మిషన్ అందించగానే పెద్దవారిలో చాలామంది దానిని చేతిలోకి తీసుకోరు; "రెండు, సున్నా, ఒకటి, నాలుగు, నువ్వే కొట్టమ్మా" అని అందరికీ వినిపించేలా పిన్ చెబుతారు. వెనుక ఇరవై మంది నిలబడి ఉంటారు. నేను మిషన్‌ను వారి వైపు తిప్పి, ముఖం పక్కకు పెట్టుకుంటాను. రద్దీలో ఒక సున్నా ఎక్కువ పడటం కూడా మామూలే. 1,850కి బదులు 18,500 నొక్కిన రోజులు నావి కూడా ఉన్నాయి, అబద్ధం చెప్పను. పిన్ కొట్టే ముందు తెర మీద అంకె చదవాలి. కార్డును మిషన్‌కు ఆనిస్తే చాలు పిన్ అడగని పద్ధతి ఉందే, దాని పరిమితి 2021 జనవరి 1 నుంచి ఒక్కో లావాదేవీకి 5,000 రూపాయలు. అక్కడైతే తెర చదవడం తప్ప మీ చేతిలో మరో రక్షణ లేదు.

సున్నా ఒకటి | 12 ఆగస్టు 2025, ఉదయం 8:30

నేను హైదరాబాదులో చెల్లింపుల సాఫ్ట్‌వేరు రాసే ఉద్యోగంలో ఉన్నాను. దుకాణాన్ని నిర్దోషి అనడం లేదు గాని, ఆధారం అటువైపు చూపడం లేదు. కార్డు వెనుక ఉండే నల్లని అయస్కాంత పట్టీలోనూ ఒక భద్రతా సంఖ్య ఉంటుంది; కార్డు మీద అచ్చువేసిన మూడంకెల సీవీవీ అది కాదు, రెండూ వేరు. అందువల్ల గాడిలో గీకినంత మాత్రాన ఇంటర్నెట్‌లో అడిగే సీవీవీ దొరకదు. కార్డు వెనుక వైపును ఎవరైనా ఫోటో తీస్తే అది వేరే సంగతి. చిప్ ద్వారా జరిగే చెల్లింపులోనైతే ప్రతిసారీ కొత్త సంకేతం పుడుతుంది కనుక దానిని కాజేసినా మళ్లీ వాడుకోలేరు.

ఓటీపీ రాకపోవడానికి కారణం ఇది. భారతదేశంలోని వ్యాపారులకు ఇంటర్నెట్‌లో కార్డుతో చెల్లిస్తే రెండో ధ్రువీకరణ ఉండాలన్న నియమం 2009 ఆగస్టు నుంచి అమలులో ఉంది. విదేశీ వ్యాపారులకు అది వర్తించదు. అక్కడ చాలా వెబ్‌సైటులు కార్డు సంఖ్య, గడువు తేదీ, సీవీవీలతోనే సరిపెట్టుకుంటాయి, కొన్ని సీవీవీ కూడా అడగవు. దొంగలు ఇటువంటి వెబ్‌సైటులలో కంప్యూటరు ప్రోగ్రాములతో వేల కార్డు సంఖ్యలను ఊహించి ప్రయత్నిస్తారు. ఏ సంఖ్య పనిచేస్తుందో తెలుసుకోవడానికి ముందుగా ఒక డాలరో, రెండు డాలర్లో తీసి చూస్తారు.

కాబట్టి అమ్మా, మీరు రెండు విషయాలు చూసి చెప్పండి. 8వ తేదీకి ముందు వారంలో రెండు వందల రూపాయల లోపు తెలియని ఖర్చు ఏదైనా ఉందా? యాప్‌లో కార్డు సెట్టింగులలో అంతర్జాతీయ వినియోగం అన్న స్విచ్ ఎలా ఉంది?

కృష్ణలంక కోడలు | 12 ఆగస్టు 2025, మధ్యాహ్నం 3:20

పాత లెడ్జరు గారికి ఎన్ని నమస్కారాలు చెప్పినా తక్కువే. రాత్రి 11:45కి ఈమెయిలు పంపాను. ఉదయం 1930లో నమోదు చేయించాను. శాఖలో కాగితం తీసుకోవడానికి మొదట తటపటాయించారు, ఈమెయిలు చాలు కదా అన్నారు. మామగారు కుర్చీలోంచి లేవకుండా కూర్చునేసరికి ముద్ర వేసి ఇచ్చారు. ఫిర్యాదు సంఖ్య వచ్చింది.

సున్నా ఒకటి గారు అడిగిన దానిని చూసి నాకు ఒళ్లు జలదరించింది. 6వ తేదీ మధ్యాహ్నం 87 రూపాయల ఖర్చు ఒకటి ఉంది, సందేశం కూడా ఉంది. ఆ రోజు మామగారు దానిని చూశారట కూడా. ఫోను రీఛార్జికి సంబంధించినది అయివుంటుందని వదిలేశారట. అంతర్జాతీయ వినియోగం స్విచ్ ఆన్‌లో ఉంది. 2023లో మా మరిది దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ఆయనే ఆన్ చేయించారు. తిరిగి వచ్చాక తీయించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

పాత లెడ్జరు | 12 ఆగస్టు 2025, సాయంత్రం 6:10

ఆ 87 రూపాయలను కూడా మీ ఫిర్యాదులో చేర్చి ఇంకొక ఈమెయిలు పంపండి. అది మీ పక్షాన సాక్ష్యం.

స్విచ్ గురించి. 2020 జనవరిలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఆదేశం అదే ఏడాది అక్టోబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డు దేశంలోని ఏటీఎంలలోను, దుకాణాల మిషన్లలోను మాత్రమే పనిచేయాలి. ఇంటర్నెట్, విదేశీ వినియోగం, ఆనించి చెల్లించడం ఖాతాదారు కోరితేనే తెరవాలి, ఒక్కొక్క దానికి పరిమితి పెట్టుకునే వీలు ఉండాలి. ఎంత మంచి తాళం చేతికి ఇచ్చారో చూడండి. మనం తలుపు ఒకసారి తీసి, తాళాన్ని అక్కడే వేలాడదీసి వచ్చేస్తాం. నా శ్రీమతి కార్డుకు ఇంటర్నెట్ పరిమితి 3,000 రూపాయలు పెట్టాను. ఎప్పుడైనా ఎక్కువ మొత్తం కట్టవలసి వస్తే ఆమె నా వైపు చూసే చూపు భరించాలి, అంతే.

ఇక బిల్లు చెల్లింపు గురించి భయపడవద్దు. మోసమని ఖాతాదారు వివాదంలో పెట్టిన మొత్తం మీద అది తేలేవరకు ఛార్జీలు వేయకూడదని 2022 నాటి క్రెడిట్ కార్డుల ఆదేశాలు చెబుతున్నాయి. మిగిలిన బిల్లు, అంటే చీరల 11,240తో సహా, గడువు లోపల కట్టేయండి. మీరు తెలియజేసిన నాటినుంచి పది పనిదినాలలో ఆ సొమ్మును బ్యాంకు తాత్కాలికంగా ఖాతాకు జమ చేయాలి. 90 రోజుల్లో విషయం తేల్చాలి. తప్పు ఖాతాదారుదే అని నిరూపించే భారం బ్యాంకు మీద ఉంటుంది.

పెరటి మల్లె | 13 ఆగస్టు 2025, ఉదయం 11:00

ఇది చదివాక నా సంగతి చెప్పాలనిపించింది. మాది కరీంనగర్. ఈ మార్చిలో వాషింగ్ మిషన్ చెడిపోతే కంపెనీ కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతికి, మొదట కనిపించిన నంబరుకు ఫోన్ చేశాను. అతను చక్కని తెలుగులో మాట్లాడాడు, అక్కా అని పిలిచాడు. ఫిర్యాదు నమోదుకు 10 రూపాయలు కట్టాలని ఒక లింకు పంపాడు. డబ్బు కట్టడం కుదరకపోతే, సహాయం చేస్తానని నా ఫోను తెర తనకు కనిపించే యాప్ ఒకటి ఎక్కించమన్నాడు. డెబిట్ కార్డు వివరాలు కొట్టాను. ఓటీపీ రాగానే చదివి వినిపించాను. 9,500 రూపాయల చొప్పున మూడుసార్లు పోయాయి. 11:20కి బ్యాంకుకు ఫోన్ చేసి చెప్పి ఫిర్యాదు సంఖ్య తీసుకున్నాను. 11:34కి ఇంకొక 9,900 పోయాయి. మొత్తం 38,400.

ఓటీపీ నేనే చెప్పాను కాబట్టి పూర్తి బాధ్యత నాదే అని ఏప్రిల్‌లో బ్యాంకు ఉత్తరం రాసింది. సిగ్గుతో ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు. ఇంకేమీ చేయలేమా?

పాత లెడ్జరు | 13 ఆగస్టు 2025, మధ్యాహ్నం 12:40

సిగ్గుపడవలసింది మీరు కాదమ్మా. ఆ కుర్రవాడికి రోజంతా అదే పని. మీకు వాషింగ్ మిషన్ చెడిపోవడం ఏడాదికి ఒకసారి.

మొదటి మూడు లావాదేవీల విషయంలో బ్యాంకు రాసినది సరైనదే. రహస్య వివరాలు ఖాతాదారే చెప్పినప్పుడు, బ్యాంకుకు తెలియజేసే క్షణం వరకు జరిగిన నష్టం ఖాతాదారుదే. కానీ అదే ఉత్తర్వులో తరువాతి వాక్యం ఉంది: తెలియజేసిన తరువాత జరిగే నష్టాన్ని బ్యాంకే భరించాలి. మీరు 11:20కి చెప్పారు, డబ్బు 11:34కి పోయింది. నడుమ ఉన్న పద్నాలుగు నిమిషాల విలువ 9,900 రూపాయలు. ఆనాటి కాల్ వివరాలు మీ ఫోను కంపెనీ దగ్గర తీసుకోండి, ఫిర్యాదు సంఖ్య వచ్చిన సందేశాన్ని ఫోటో తీసి పెట్టుకోండి, బ్యాంకుల మీద ఫిర్యాదులను విచారించే రిజర్వు బ్యాంకు సమీకృత అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టండి. బ్యాంకులకు, ఫైనాన్స్ కంపెనీలకు, డిజిటల్ చెల్లింపులకు వేర్వేరుగా ఉన్న పథకాలను 2021 నవంబరులో కలిపి ఒకటే చేశారు. రుసుము లేదు, వకీలు అవసరం లేదు. బ్యాంకు జవాబు అందిన ఏడాది లోపల వెళ్లాలి, కనుక మీకు వచ్చే ఏప్రిల్ వరకు సమయం ఉంది.

డాలస్ గోంగూర | 13 ఆగస్టు 2025, రాత్రి 8:55

అమెరికాలో చట్టం క్రెడిట్ కార్డును, డెబిట్ కార్డును వేరుగా చూస్తుంది. క్రెడిట్ కార్డు దుర్వినియోగమైతే ఖాతాదారు బాధ్యత 50 డాలర్లు దాటదు. డెబిట్ కార్డు పోయిన సంగతి తెలిసిన రెండు పనిదినాల లోపల చెబితే 50 డాలర్లు, ఆలస్యమైతే 500 వరకు; స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల తరువాత కూడా చెప్పకపోతే ఆపైన జరిగే నష్టానికి పరిమితే ఉండదు. అందుకే ఇక్కడ చదువుకోవడానికి వచ్చే మన పిల్లలకు పెట్రోలు పంపు దగ్గర డెబిట్ కార్డు పెట్టవద్దని చెబుతుంటాను. కార్డు వివరాలను కాజేసే పరికరాలను పంపులకు తగిలించడం ఇక్కడ పాత విద్య. లోపలికి వెళ్లి కౌంటరులో కట్టడం మేలు.

మా అమ్మానాన్నలు రెండుసార్లు వచ్చి వెళ్లారు. పై సంగతులు చదివి ఇప్పుడే వారికి ఫోన్ చేశాను. ఇద్దరి కార్డుల్లోనూ ఆ స్విచ్ ఆన్‌లోనే ఉంది.

ధర్మాగ్రహం | 14 ఆగస్టు 2025, ఉదయం 9:30

దుకాణం విషయంలో తొందరపడ్డాను, బిల్లు కౌంటరు గారు మన్నించాలి. నాకు ఒక సందేహం. షాపింగ్ యాప్‌లలో నా కార్డు దాచిపెట్టి ఉంది. ఆ కంపెనీ కంప్యూటర్లను దొంగలు కొల్లగొడితే నా గతి ఏమిటి?

సున్నా ఒకటి | 14 ఆగస్టు 2025, ఉదయం 10:10

2022 అక్టోబరు 1 నుంచి మన దేశంలోని వ్యాపారులు కార్డు సంఖ్యను తమ దగ్గర ఉంచుకోకూడదు. వారి దగ్గర ఉండేది టోకెన్ అనే బదులు సంఖ్య. అది ఆ యాప్‌లో తప్ప ఇంకెక్కడా చెల్లదు. విదేశీ వెబ్‌సైటులకు ఈ కట్టుబాటు లేదు కాబట్టి అక్కడ మాత్రం కార్డును దాచమని టిక్కు పెట్టవద్దు. యాప్‌ల కంటే నేను ఎక్కువ భయపడేది దసరా అమ్మకాలప్పుడు పుట్టే దొంగ వెబ్‌సైటులకు. అక్కడ మీ వివరాలను దొంగకు మీరే స్వయంగా టైపు చేసి ఇస్తారు. ఓటీపీ సందేశం వచ్చినప్పుడు ఆరంకెలు మాత్రమే ఏరుకోకుండా, వ్యాపారి పేరు, మొత్తం చదవండి. మూడు వేల చెప్పులకు ముప్పై వేల ఓటీపీ వస్తే అక్కడే ఆగిపోవచ్చు.

కృష్ణలంక కోడలు | 26 ఆగస్టు 2025, సాయంత్రం 5:45

రేపు వినాయక చవితి అనగా ఈ రోజు 47,861 రూపాయలు తాత్కాలికంగా జమ అయినట్లు సందేశం వచ్చింది. లెక్కపెట్టి చూస్తే సరిగ్గా పదో పనిదినం. మామగారు కొత్త కార్డు తీసుకోవడానికి ఒప్పుకున్నారు గాని, ఇంటర్నెట్, విదేశీ స్విచ్‌లు రెండూ తన ఎదుటే ఆపి చూపించమన్నారు. చూపించాక నన్ను నమ్మక తానే ఒకసారి తెరిచి చూసుకున్నారు.

పెరటి మల్లె | 2 సెప్టెంబరు 2025, రాత్రి 9:15

అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పంపాను. కాల్ వివరాల్లో 11:20 స్పష్టంగా ఉంది. ఈసారి మా వారికి అంతా చెప్పాను.

కృష్ణలంక కోడలు | 10 అక్టోబరు 2025, ఉదయం 10:25

విచారణ ముగిసిందని, తాత్కాలిక జమను శాశ్వతం చేశామని బ్యాంకు నిన్న ఉత్తరం పంపింది. మామగారు స్టేట్‌మెంట్‌ను భూతద్దం పెట్టి చదివి ఇంకొకటి పట్టుకున్నారు. ఆ మూడు లావాదేవీలకు విదేశీ మారకపు రుసుము 3.5 శాతం చొప్పున 1,675 రూపాయల 14 పైసలు, దాని మీద 18 శాతం జీఎస్టీ 301 రూపాయల 53 పైసలు వేశారు. వాటిని వెనక్కి ఇవ్వలేదు. మొత్తం 1,976 రూపాయల 67 పైసలు. అసలు లావాదేవీయే తనది కానప్పుడు దాని మీద రుసుము తనది ఎలా అవుతుందని ఆయన ప్రశ్న. రెండో ఈమెయిలు ఈ ఉదయం పంపాము. కాగితం ప్రతి పట్టుకుని ఆయన ముద్ర వేయించడానికి శాఖకు బయలుదేరారు.